ఒకే ట్రంపెట్, రెండు నోళ్ళు

"ట్రంపెట్‌ని ఊదకూడదమ్మా, ఉమ్మాలి" అన్నారు మా బ్యాండు సారు మొదటి రోజునే. నాలుక చివర వెంట్రుక పడితే "త్తు" అని ఎలా వదిలించుకుంటామో, అలాగే పెదాలు బిగించి గాలి వదలాలట. అప్పుడు పెదాలు అదురుతాయి, ఆ అదురే గొట్టంలోకి పోయి స్వరంగా బయటికొస్తుందట. సారు చేసి చూపించారు. ఆ మోతకి సైకిల్ స్టాండు రేకుల మీద ఉన్న పావురాలన్నీ లేచిపోయాయి. తర్వాత నేను చేశాను. ఉస్సుమని గాలి వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ ఉస్సే. పంక్చరైన ట్యూబు కూడా అంతకంటే గట్టిగా వినిపిస్తుంది.

అసలు నేను పేరిచ్చింది సైడ్ డ్రమ్ముకి. తెల్ల బెల్టు, పుల్లలు, ఎర్ర కోటు, టోపీ మీద ఈక, ఇవన్నీ చూసి మోజుపడ్డాను. ఎనిమిదో తరగతిలో మోజు పడడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. డ్రమ్ములు పొడుగ్గా ఉన్నవాళ్ళకి పోయాయి. ఫ్లూట్లు ఇంటి దగ్గర సంగీతం నేర్చుకుంటున్నవాళ్ళకి పోయాయి. తాళాలు ముందుగా చెయ్యెత్తినవాళ్ళకి పోయాయి. ఆఖరికి బీరువా అడుగున సొట్టలు పడ్డ ట్రంపెట్ ఒకటి మిగిలింది, బయట ఇద్దరం మిగిలాం. ఒకదాన్ని నేను, రెండోది పటమట నుంచి వచ్చే మా క్లాసమ్మాయి. చర్చిలో పాటలు పాడుతుంది కాబట్టి దానికి ఊపిరి ఎలా పట్టాలో ముందే తెలుసు. నాకేమీ తెలియదు.

"ఇద్దరూ దీన్నే నేర్చుకోండి" అన్నారు సారు. "మీ వయసులో పెదాలు ఎక్కువసేపు ఆగవు. ఒకళ్ళవి అలిసిపోతే ఇంకొకళ్ళు అందుకోవాలి."

మార్చ్ పాట మూడు చుట్లు. మొదటి చుట్టు పటమట అమ్మాయి, రెండోది నేను, మూడోది మళ్ళీ అది. రిపబ్లిక్ డే నాడు జెండా ఎగరేశాక ఆ పాటతో బ్యాండంతా మైదానం చుట్టూ నడవాలి. ట్రంపెట్ వాళ్ళు అందరికంటే ముందు. పొట్టిదాన్నని అసెంబ్లీలో నన్నెప్పుడూ ముందే నిలబెట్టేవాళ్ళు గానీ, అది వేరు, బ్యాండుకి ముందు నడవడం వేరు. ఆ మాట విన్న నిమిషం నుంచి నాకు డ్రమ్ము మీద మోజు పోయింది. ఆ ఒక్క చుట్టు నాదవ్వాలి, అంతే.

కానీ స్వరం రాదే! వారం గడిచినా ఉస్సే. పక్కన అది అప్పటికే నాలుగు స్వరాలు పలికిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయేది. సారు చివరికి నా ఎదురుగా కూర్చుని, కళ్ళద్దాలు పైకి తోసి, నా మూతి వంకే చూస్తూ ఊదమన్నారు.

"అమ్మా, నువ్వు మౌత్‌పీస్‌ని ముట్టుకోవట్లేదు తెలుసా?" అన్నారు.

"ముట్టుకుంటున్నా సార్."

"చేత్తో ముట్టుకుంటున్నావు. పెదవి ఆనట్లా. దానికీ నీ మూతికీ మధ్యలోంచి వెలుతురు కనపడుతోంది నాకు. ఆనించమ్మా, ఆనించు!"

నేను ఆనించాననే అనుకున్నాను. నా నోరు అలా అనుకోలేదు. ఇందులో తప్పు నాది కాదు, మా నాయనమ్మది.

మాది మంగళగిరి నేతవాళ్ళ కుటుంబం. నాన్న టౌన్లో చేనేత బట్టల దుకాణం పెట్టాక భవానీపురానికి వచ్చేశాం. మగ్గం అక్కడే ఉండిపోయింది గానీ నాయనమ్మ మాతో వచ్చింది, నాయనమ్మతో పాటు ఎంగిలి పట్టింపు కూడా వచ్చింది. గ్లాసు ఎత్తి నీళ్ళు పైనుంచి పోసుకోవాలి, కరిచి తాగకూడదు. వంట రుచి చూస్తే ఆ గరిటె మళ్ళీ గిన్నెలోకి పోకూడదు, అరచేతిలో వేసుకుని నాకాలి. అన్నం తింటూ ఎడం చేత్తో కూడా ఊరగాయ జాడీ ముట్టుకోకూడదు. నేను నడక నేర్చుకున్న నాటి నుంచీ "ఎత్తి పోసుకో, ఎత్తి పోసుకో" అన్న మాట వెనకనుంచి వినపడుతూనే ఉంది. మంచినీళ్ళ సీసాని పెదాలకి తగలకుండా, బట్టల మీద చుక్క పడకుండా, నడుస్తున్న ఆటోలో తాగగలను. అలా పెంచిన నోటిని తీసుకొచ్చి, ఊరందరూ ఊదిన ఇత్తడి ముక్క మీద గట్టిగా ఆనించమంటే అదెలా వింటుంది?

ఆ రోజు కళ్ళు మూసుకుని ఆనించాను. లోహం చల్లగా తగిలింది, కొంచెం చిలుము వాసన కూడా వేసింది. వెంట్రుక ఉమ్మినట్టు ఉమ్మాను. బర్రె రంకె వేసినట్టు ఒక మోత వచ్చింది. అది ఏ స్వరమో సారుకి కూడా తెలియలేదు గానీ "వచ్చింది! అదీ!" అని చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సంతోషంలో ఇంటికెళ్ళి అన్నీ చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అయితే ఆ గొట్టం నువ్వొక్కదానివే ఊదుతావా?" అంది నాయనమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

"కాదు, ఇద్దరం."

చిక్కుడుకాయ తుంచడం ఆగింది. "ఒకళ్ళ నోట్లోది ఇంకొకళ్ళు పెట్టుకుంటారా? ఎవరా పిల్ల? ఏమిట్లోళ్ళు, ఏ కులం?"

"ఏమో. చర్చికి పోతారు."

నాయనమ్మ దాని మీద ఒక్క మాట కూడా అనలేదు. అంటే పోట్లాడేదాన్ని. అననందుకే ఇంకా చిరాకేసింది. మర్నాడు పొద్దున నా బ్యాగులో పుస్తకాల పక్కన ఒక సీసా ఉంది, అందులో పసుపు నీళ్ళు. ఆ పిల్ల ఊదాక ముందు కుళాయి కింద కడగాలి, తర్వాత ఈ నీళ్ళు పొయ్యాలి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకోవాలి. చెయ్యకపోతే బ్యాండు మానిపిస్తానంది నాయనమ్మ. అమ్మ వంక చూశాను. అమ్మ పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. నాన్న పేపరు ఇంకాస్త పైకెత్తారు.

అలా మొదలైంది నా అవస్థ. మొదటి చుట్టు అది వాయిస్తుంది. ముగియగానే ట్రంపెట్ నాకందిస్తుంది. నేను మౌత్‌పీస్ ఊడబీకి, సైకిల్ స్టాండు పక్క కుళాయి దాకా పరిగెత్తి, కడిగి, పసుపు నీళ్ళు పోసి, విదిలించి, పరిగెత్తుకొచ్చి బిగించుకుంటాను. అందాకా డ్రమ్ములవాళ్ళు నిలబడ్డచోటే లెఫ్ట్ రైట్ కొడుతూ ఉంటారు. ఫ్లూటువాళ్ళు ఎండలో చెమటలు తుడుచుకుంటూ నన్ను తిట్టుకుంటారు. నేను వచ్చేసరికి ఆయాసంతో ఊపిరి ఉండదు, ఊదితే మళ్ళీ ఉస్సు.

"ఏమ్మా, నువ్వు ట్రంపెట్ వాయించడానికొచ్చావా, గిన్నెలు తోమడానికొచ్చావా?" అన్నారు సారు. బ్యాండంతా నవ్వింది.

పటమట అమ్మాయి మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు నేను సీసా మూత తీస్తుంటే దగ్గరికొచ్చి చూసింది.

"అదేంటే, పసుపా?"

"మా నాయనమ్మ..." అని ఏదో సణిగాను.

"పసుపెందుకు? నాకేమన్నా అమ్మవారు పోసిందా?" అంది. కోపంగా కూడా అనలేదు. మౌత్‌పీస్ విదిలిస్తూ నిలబడ్డాను.

ఆ మర్నాడు అది కూడా ఒక సీసా తెచ్చుకుంది. వేడి నీళ్ళు. నేను రెండో చుట్టు ముగించి ట్రంపెట్ ఇవ్వగానే మౌత్‌పీస్ ఊడబీకి, కుళాయి దగ్గరికి నడిచింది. పరిగెత్తలేదు, నడిచింది. నేను కడిగినట్టే కడిగింది, నేను విదిలించినట్టే విదిలించింది, పైగా తెల్ల రుమాలుతో తుడిచింది. బ్యాండంతా లెఫ్ట్ రైట్ కొడుతూనే ఉంది.

నాకు ఎక్కడ లేని ఉక్రోషం వచ్చింది. "ఎందుకు కడుగుతున్నావ్? నాకేమన్నా రోగముందా?" అని దాని మీద అరిచాను.

"నీకెందుకంత కోపం? నువ్వు కడగట్లా?" అంది.

నేను కడగడం వేరు అనబోయాను. ఎందుకు వేరో నోటికి రాలేదు. నా నోరు ఇంకొకళ్ళకి ఎంగిలవుతుందని అప్పటిదాకా నాకు తట్టనేలేదు. ఎంగిలంటే ఎప్పుడూ అవతలివాళ్ళదే కదా మా ఇంట్లో!

ఇలా రెండు వైపులా కడుగుళ్ళు మొదలయ్యాక పాట పాటలా లేదు. ఒక చుట్టు, కుళాయి, ఒక చుట్టు, కుళాయి. సారుకి తల ప్రాణం తోకకొచ్చింది. "నేను ఇన్నేళ్ళలో రాగం రాని పిల్లల్ని చూశాను, తాళం రాని పిల్లల్ని చూశాను, కుళాయి పక్కన లేకపోతే వాయించలేని పిల్లల్ని మిమ్మల్నే చూస్తున్నా. మధ్యలో ఆగకుండా మూడు చుట్లు రాకపోతే ట్రంపెట్ బీరువాలో పెట్టేస్తా. డ్రమ్ములూ ఫ్లూట్లూ చాలు మనకి" అన్నారు. ఆయన ఉత్తినే బెదిరించే రకం కాదు.

ఇంటికొచ్చి నాయనమ్మతో యుద్ధానికి దిగాను. "గుళ్ళో పంతులుగారు శంఖం ఊదుతారుగా, అది ఎంగిలి కాదా?" అన్నాను.

"శంఖానికి ఎంగిలుండదు."

"సన్నాయి?"

"సన్నాయికీ ఉండదు."

"చిలక కొట్టిన జామకాయ నువ్వే తెచ్చి పెడతావుగా?"

"చిలకది ఎంగిలేందే పిచ్చిదానా!"

"మరి ట్రంపెట్‌కి ఎందుకుంటుంది?"

"ఉంటదంతే."

ఆ "అంతే" తర్వాత ఇక మాటలుండవు మా ఇంట్లో. కానీ నాయనమ్మ లోపల్లోపల ఏదో ఆలోచించినట్టుంది. ఆ శనివారం సాధన చేసుకోమని సారు ట్రంపెట్‌ని నాకిచ్చి పంపారు. సాయంత్రం వరండాలో ఊదితే పక్క వాటావాళ్ళు వచ్చి, ఎవరైనా పోయారా అని మెల్లగా అడిగారు. సిగ్గేసి లోపల పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి ట్రంపెట్ పెరట్లో ఉంది. నాయనమ్మ పీట వేసుకుని కూర్చుని, దేవుడి గంటనీ దీపపు కుందుల్నీ తోమినట్టు, చింతపండూ ఉప్పూ వేసి దాన్ని తోముతోంది. గొట్టం నిండా చింతపండు పులుసు పోసి అటూ ఇటూ ఊపుతోంది.

"ఒకేసారి శుద్ధి చేసేస్తన్నా. ఇక రోజూ కడిగే బాధ ఉండదు నీకు" అంది, చాలా ప్రేమగా.

నేను పెట్టిన కేకకి వీధిలో కుక్క కూడా అరిచింది. ట్రంపెట్ బంగారంలా మెరుస్తోంది, కాదనను. మీటలు మాత్రం మూడూ బిగుసుకుపోయాయి. నొక్కిన మీట నొక్కినట్టే ఉండిపోయింది. ఊదితే అవతలి చివరి నుంచి చింతపండు పిప్పి వచ్చి నా గౌను మీద పడింది. సోమవారం సారు ముందు దాన్ని పెట్టి తలొంచుకుని నిలబడ్డాను. ఆయన వాసన చూశారు. మళ్ళీ చూశారు. "పులిహోర చేశారా ఇందులో?" అన్నారు. తర్వాత మీటలు విడదీసి, గుడ్డతో తుడిచి, కుట్టు మిషను నూనె వేసి మళ్ళీ బిగించారు. పటమట అమ్మాయి దూరంగా నిలబడి, నా వంక చూడకుండా, తన రుమాలు మడత పెట్టుకుంటోంది. ఇక ట్రంపెట్ బీరువాలోకి పోవడమే తరువాయి అనుకున్నాను.

సంక్రాంతి సెలవులకి ముందు ఆదివారం నాన్న సరుకు తేవడానికి మంగళగిరి వెళ్తుంటే నాయనమ్మ తన తమ్ముణ్ణి చూసొస్తానంది. నన్ను కూడా లాక్కెళ్ళారు. ఆ తాతయ్య ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు గుంట మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. ఒకటి ఆయనది. రెండోదాని మీద కూలికి నేసే ఒకాయన కూర్చున్నాడు, ఆయన తల వెనక గోడకి ఏసు ప్రభువు క్యాలెండరు వేలాడుతోంది. నేను మూతి ముడుచుకుని మెట్టు మీద కూర్చున్నాను. ఆయన మగ్గం ఆపి, దారాన్ని అటూ ఇటూ మోసే నాడెలోంచి దారం అయిపోయిన కండె తీసేసి కొత్తది పెట్టాడు. నాడె పక్కన సన్నటి కన్నం ఉంటుంది, దారం అందులోంచి బయటికి రావాలి. ఆయన ఆ కన్నానికి నోరు పెట్టి చుప్పుమని లోపలికి పీల్చాడు. దారం కొస పెదాల మధ్యకొచ్చింది. తీసి, మళ్ళీ నేత మొదలెట్టాడు. ఇదంతా నాకేమీ పట్టలేదు.

కాసేపటికి ఆయనకి ఫోనొస్తే లేచి బయటికి పోయాడు. కండె అప్పుడే మళ్ళీ అయిపోయింది. ఖాళీగా ఉన్న మగ్గాన్ని చూస్తే నాయనమ్మకి చేతులు ఊరుకోలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని గుంటలోకి కాళ్ళు దింపి కూర్చుంది. ఆయన వదిలిపెట్టిన నాడె తీసుకుంది. కొత్త కండె పెట్టింది. కన్నానికి నోరు ఆనించింది. చుప్పుమని పీల్చింది.

"నాయనమ్మా!"

అదిరిపడి నా వంక చూసింది, దారం ఇంకా పెదాల మీదే ఉంది.

"అది ఆయన నోట్లో పెట్టుకున్నది! ఇప్పుడే! నేను చూశా!" అని షెడ్డంతా దద్దరిల్లేటట్టు అరిచాను. అన్నాళ్ళ పసుపు నీళ్ళు, కుళాయి దాకా పరుగులు, సారు మాటలు, చింతపండు, అన్నీ కలిపి అరిచాను. "ఇది ఎంగిలి కాదా?"

"నోర్ముయ్యవే. నాడెకి ఎంగిలేంది?" అంది, తన మీద తనకేమీ అనుమానం లేకుండా. "పోగు రావాలిగా? నేను కాపరానికొచ్చిన కాణ్ణించీ పదిమంది నోళ్ళలో పడ్డ నాడెతోనే నేశాను. పీల్చకపోతే పోగెట్టా వస్తది?"

"నాకూ స్వరం రావాలిగా! ఆనించకపోతే స్వరమెట్టా వస్తది?"

తాతయ్య తన మగ్గం ఆపి పకపకా నవ్వాడు. "దొరికిపోయావక్కా" అన్నాడు. నాయనమ్మ ఆయన్నీ తిట్టింది, నన్నూ తిట్టింది. రెండు బెత్తెల గుడ్డ నేసింది. ఆ మగ్గమాయన తిరిగొచ్చి, "అక్కగారు చెయ్యి మర్చిపోలేదే" అని మెచ్చుకుంటూ కూర్చుని తన పని తను చేసుకున్నాడు. తర్వాత కండె అయిపోతే అదే కన్నానికి ఆయనా నోరు పెట్టాడు. నాయనమ్మ అది చూసింది. నేను చూశానని కూడా చూసింది.

తిరుగు బస్సులో బ్యారేజీ మీదికి వచ్చాక, కిటికీలోంచి కృష్ణా నది వంక చూస్తూ అంది. "సరే, నీ చావు నువ్వు చావు. కడగమాక. ఇంటికొచ్చాక నోరు పుక్కిలించి లోపలికి రా."

సెలవుల తర్వాత మొదటి సాధనలో పసుపు సీసా తేలేదని పటమట అమ్మాయికి బ్యాగు తెరిచి చూపించాను. ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడ్డాను. అది చూసి "ఊ" అంది.

"ఇక నేను కడగను" అన్నాను, అర్థం కాలేదేమోనని.

"మంచిది."

"మరి నువ్వు?"

"నేను రుమాలుతో తుడుచుకుంటాలే. ఆలస్యమవదు."

"నేను కడగట్లేదుగా!"

"నువ్వు మానేస్తే నేనూ మానెయ్యాలా? నాకు అలవాటైపోయింది" అంది. మాట మెత్తగానే ఉంది. సారు అడిగినట్టు మాత్రం మూడు చుట్లూ ఆగకుండా వచ్చాయి. ట్రంపెట్ బీరువాలోకి పోలేదు.

రిపబ్లిక్ డే పొద్దున మైదానంలో మంచు ఇంకా విడలేదు. ఎర్ర కోటు నా మోకాళ్ళ దాకా వచ్చింది, టోపీ కళ్ళ మీదికి జారుతోంది. నాయనమ్మ అమ్మతో కలిసి రెండో వరుస కుర్చీల్లో, పెట్టెలోంచి తీసిన జరీ అంచు చీర కట్టుకుని కూర్చుంది. జెండా ఎగిరింది. సారు చెయ్యి దింపారు. పటమట అమ్మాయి మొదటి చుట్టు ఎంత చక్కగా వాయించిందో చెప్పలేను. నడుస్తూనే ట్రంపెట్ నాకందించింది. మౌత్‌పీస్ వెచ్చగా, తడిగా ఉంది. అలాగే పెదాలకి ఆనించి ఊదాను. రెండు చోట్ల స్వరం చీలింది, ఒకచోట బర్రె రంకె కూడా వచ్చింది. అయినా పాట ఆగలేదు. బ్యాండంతా నా వెనక నడుస్తోంది, నా జీవితంలో మొదటిసారి. గుండె నిండిపోయింది. చుట్టు ముగిసేసరికి సరిగ్గా కుర్చీల ముందుకొచ్చాం. ట్రంపెట్ దానికందించాను. అది జేబులోంచి తెల్ల రుమాలు తీసి, ఒక్క తుడుపు తుడిచి, అడుగు తప్పకుండా మూడో చుట్టు అందుకుంది. నాయనమ్మ మాకు రెండు బారల దూరంలో ఉంది.

ఇంటికి ఆటోలో వస్తుంటే అమ్మ బాగా వాయించానంది. నాయనమ్మ రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. చాలా దూరం వచ్చాక ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"ఆ పిల్ల నీ చేతిలోంచి తీసుకుని తుడిచిందేందే?"

"తుడుస్తుంది. రోజూ తుడుస్తుంది."

"అంతమంది ముందరా? ఎందుకంట? నీకేమన్నా రోగముందా?"

"ఎంగిలిగా నాయనమ్మా" అన్నాను.

"నీది ఎంగిలేందే!" అని గయ్యిమంది. ఆటో అతను అద్దంలో చూశాడు. నాయనమ్మ ఇంకేదో అనడానికి నోరు తెరిచి, మూసేసింది.

ఇంటికొచ్చాక దాహమంటే తనే గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. పుక్కిలించమని అనలేదు. ఎత్తి పోసుకోమని కూడా అనలేదు, పక్కనే నిలబడి చూస్తోంది. నేను మాత్రం అలవాటు కొద్దీ ఎత్తే పోసుకున్నాను.